క్రియాటినిన్ బాగుంటే చాలా?

మంగళవారం రాత్రి, కాశీబుగ్గ

నేను నోరు విప్పితే చాలు, డిగ్రీ పొగరంటారు ఇంట్లో. ఈరోజూ అదే మాట.

ఫ్యాక్టరీలో అమ్మ జీడిపప్పు గుండ్లనీ బద్దల్నీ ఒకే ట్రేలో పోసేసిందట. ఇన్నేళ్లుగా కబుర్లాడుతూనే నిండు పప్పునీ విరిగినదాన్నీ వేరుగా ఏరేసే మనిషి! నెలసరి తప్పడం మొదలైనప్పటి నుంచీ ఆమెకు నిద్ర లేదు, చెప్పబోయిన మాట మధ్యలోనే మరిచిపోతోంది. ఇంటింటా కిడ్నీ జబ్బులుండే మా ఉద్దానంలో ఏం వచ్చినా ముందు కిడ్నీ పరీక్షే కదా, నాన్న అదే చేయించాడు.

"క్రియాటినిన్ బాగుంది కదా, ఇంకేటి రోగం? అన్నీ ఏసాలు," అంది నానమ్మ.

"రేపట్నుంచి పనికెళ్లకు. అందరూ నవ్వుతన్నారు," అన్నాడు నాన్న.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాకు పిచ్చెక్కుతందేటే?"

"పిచ్చి కాదమ్మా. ముట్లు ఆగిపోయే వయసులో మెదడూ తడబడతాది. దానికీ వైద్యం ఉంది."

"తండ్రి ముందర ఆ మాటలేటే, సిగ్గు నేదా?" అని నానమ్మ అరిచింది.

సిగ్గు లేదు నాకు. అమ్మ ఇంట్లో కూర్చుని తనకి పిచ్చేనని నమ్మేస్తుందేమోనన్న భయం మాత్రం ఉంది. ఈ తడబాటు ఎన్నాళ్లుంటుందో నాకూ తెలియదు...

రేపు టెక్కలిలో ఆడవాళ్ల డాక్టరుకి అమ్మని చూపిస్తాను. ఎల్లుండి అమ్మ పనికి వెళ్తుంది. నాన్నని అడగను, చెప్తాను.