అందరూ తొడుక్కున్న కోటు

ఫిబ్రవరి 3

ఇవాళ పదకొండు మంది. అందరూ సైన్యం కాగితానికి ఫొటో కోసమే. కోటు వేసుకునే దిగాలని రూలట. ఎవరికుంది కోటు? మా స్టూడియోలో మేకుకి వేలాడే నల్లకోటే, ఒకరు విప్పితే ఇంకొకరు తొడిగారు. ఆయన ఫొటో తీసేముందు సన్నవాళ్ళకి వీపు వెనక నేను పిన్నులు పెట్టాను. ఎవరినీ పలకరించలేదు. నేను నాలుక మింగి పుట్టానని అత్తయ్య అంటుంది.

రెండో గుండీ మళ్ళీ ఊడింది. భయమేస్తే అందరి వేళ్ళూ దాని మీదికే పోతాయి.

ఫిబ్రవరి 4

గుండీ కుట్టాను.

ఏప్రిల్ 19

పాలామె వచ్చింది. కొడుకు ఫొటో పెద్దది చేసిమ్మంది. యుద్ధంలో కాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన బస్సు కండక్టరు, వాడి కళ్ళు తన చేత్తోనే మూశానని చెప్పాడట. ఆఫీసులో అడిగితే, చనిపోయినవాళ్ళ లిస్టులో పేరు లేదు, నీ కొడుకు పారిపోయాడు అన్నారట. ఇంటికొస్తే దాచకుండా అప్పగించమన్నారట. వస్తే దాచుకోనా అని నన్నే అడిగింది. మంచినీళ్ళిచ్చాను.

నెగటివ్ వెతికాను. చూడగానే గుర్తొచ్చాడు. పిన్ను పెడుతుంటే చక్కిలిగింతలని మెలికలు తిరిగినవాడు.

మే 30

పెద్దవి చేయమని ఇవాళ ఇంకో ముగ్గురు. వాళ్ళ పిల్లలూ పారిపోయారనే చెప్పారట.

ప్రింట్లు కడిగేటప్పుడు పక్కన నేనే ఉంటాను. నీళ్ళలో ముందు నల్లకోటు తేలుతుంది. ముఖం తరవాత. ఆ రెంటి మధ్య కాసేపు అది ఎవరైనా కావచ్చు. ఆయన కూడా కావచ్చు. వచ్చే నెలనుంచి పెళ్ళైనవాళ్ళనీ పిలుస్తారంటున్నారు.

జూన్ 11

కోటు రెండుసార్లు ఉతికాను. తలనూనె వాసన పోలేదు. మూడు రోజులు ఎండలో వేసినా మెడ దగ్గర తడి ఆరలేదు.

జూన్ 26

మంత్రి రేడియోలో మాట్లాడాడు. మా ఊరివాళ్ళలో యుద్ధంలో చనిపోయింది నలుగురేనట. మా ఆయన రేడియో కట్టేశారు. మేం పెద్దవి చేసిన ఫొటోలే ముప్పై ఒకటి.

శుక్రవారం మంత్రి మా వీధి మీదుగానే మీటింగుకి వెళ్తాడు. షోకేసులో పెళ్ళి ఫొటోలు తీసేసి వీటిని పెడదామని ఆయనతో అన్నాను. అది కొరివితో తల గోక్కోవడమే అన్నారు. నిజమే. రేపు ఆ కోటు మీరే తొడుక్కోవాల్సొస్తే అని అడగబోయి ఆగిపోయాను. అత్తయ్య అడిగేసింది. ఆయన లేచి మళ్ళీ ప్రింట్లు కడగడానికి వెళ్ళారు.

తరవాత అత్తయ్య తన దిండు విప్పి సగం దూది తీసి, నెగటివ్‌లన్నీ అందులో కూరి కుట్టేసింది.

జూన్ 29, పొద్దున 6

ముప్పై ఒక్కటీ పెట్టాను. ముప్పై ఒక్క ముఖాలు, ఒకటే కోటు. కింద అట్టముక్క మీద రాశాను: మంత్రిగారూ, వీళ్ళలో మీ నలుగురూ ఎవరు?

ఐదో క్లాసు చేతిరాత. వంకరగానే వచ్చింది.

అదే రోజు, 11

మంత్రి కంటే ముందు పోలీసులొచ్చారు. ఎవడు రాశాడని ఇన్‌స్పెక్టరు ఆయన్ని అడిగాడు. ఆయన నోరు తెరిచారు. నేరం తన మీద వేసుకోడానికేనని నాకు తెలుసు.

“నేనే రాశాను” అన్నాను.

నా గొంతు నాకే, ఎవరో వెనకనుంచి అన్నట్టు వినిపించింది. ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. రాసి చూపించమని కాగితం ఇచ్చాడు. అదే ప్రశ్న మళ్ళీ రాసి, కింద సంతకం పెట్టాను. దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు అది వాళ్ళ దగ్గరే ఉంది.

ఫొటోలన్నీ పట్టుకెళ్ళారు. నన్ను మళ్ళీ పిలుస్తామన్నారు. నెగటివ్‌లు ఎంత వెతికినా దొరకలేదు. ఖాళీ షోకేసు ముందునుంచి మంత్రి కారు వెళ్ళింది, అద్దాలు ఎత్తుకుని.

జూన్ 30

నిద్ర పట్టలేదంది అత్తయ్య. దిండు గరగరలాడిందా అంటే కాదట. పిల్లలు కదులుతున్నారట.

షోకేసు ఖాళీగా చూడలేక కోటు తగిలించాను. అట్టముక్క లేదు, ఏమీ లేదు. సాయంత్రందాకా జనం ఆగుతూనే ఉన్నారు. పాలామె అద్దం మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. కోటుని ఏ కేసు కింద పట్టుకెళ్తారో చూడాలి అన్నారు ఆయన. నవ్వలేదు.

షోకేసుకి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

జూలై 1

తాళం వేసినట్టే ఉంది. లోపల కోటు రెండో గుండీ ఊడి కింద పడి ఉంది.