అమ్మ పాల మీద నింద

అల్ నహ్దా, షార్జా
12 మార్చి 2022

ప్రియమైన చెల్లి తహ్మీనాకు ఆపా దువాలు.

నాన్న పోయాక ఎప్పుడు ఫోన్ చేసినా పెదనాన్న మౌలా సాహెబ్ స్పీకర్ పెట్టించి పక్కనే కూర్చుంటాడు. అందుకే ఊరికి వస్తున్న హయాత్ బాషా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నా పాప ఫైజా పుట్టిన నాలుగోరోజుకే పాలు తాగడం మానేసింది. ఒళ్ళు వడిలిపోయింది. తడిగుడ్డ తీస్తే మాడిన పంచదార వాసన. మన తమ్ముళ్ళు ముగ్గురూ పోయేముందు ఇంట్లో ఇదే వాసన, నాకు గుర్తుంది.

మడమలో రక్తం తీసి పరీక్ష చేశారు. పాలలోని మాంసకృత్తులు పాప ఒంట్లో అరగక విషమవుతాయట. ఏ తల్లి పాలైనా అంతేనట. తల్లీ తండ్రీ ఇద్దరి రక్తంలోనూ ఆ లోపం దాగి ఉంటేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుందట. పులికాట్ సరస్సు నడుమ మా దీవిలో నలభై గడపలు, తరతరాలుగా అందరం ఒకరికొకరం చుట్టాలమేనని డాక్టరమ్మకు చెప్పాను. ప్రత్యేకమైన పాలపొడితో పాప బతికింది.

అమ్మకు ఇది చదివి వినిపించు.

నీ సమీనా ఆపా


దీవి, 3 ఏప్రిల్

ప్రేమగల ఆపాకు,

అమ్మకు చదవబోతుంటే పెదనాన్న ఉత్తరం లాక్కుని పొయ్యిలో పెట్టాడు. నీవీ అమ్మ పాలలాగే చెడ్డపాలని ఊరంతా చెప్పాడు. పసిపిల్లలున్న ఇళ్ళలోకి అమ్మను ఇప్పటికీ రానివ్వరని నీకు తెలుసుగా.

రంజాన్ పండగ కాగానే తన చిన్నకొడుకు ఫర్దీన్‌తో నా నిఖా చేస్తానంటున్నాడు.

నీ తహ్మీనా


షార్జా, 21 ఏప్రిల్

నా తహ్మీనాకు,

అఖీల్ జెబెల్ అలీ రేవులో డ్యూటీ దిగి రాగానే నీ ఉత్తరం చూపించాను. నా మొగుడైనా పెదనాన్న కొడుకే కదా, ఏమన్నాడో తెలుసా? "ఖలాస్, వదిలెయ్. నీ పాల వల్లేనని అందాం. ముందు తమ్ముడి పెళ్ళి కానీ."

ఆ మాట అన్న నోటితోనే పాపకు ముద్దు పెట్టబోయాడు. రోత పుట్టి పాపను లాక్కున్నాను.

రిపోర్టు పంపుతున్నాను. నువ్వూ ఫర్దీనూ రక్తపరీక్ష చేయించుకోనిదే నిఖాకు ఒప్పుకోకు.

నీ ఆపా


చెన్నై, 19 మే

ఆపా,

నిఖా మాటలకు పెద్దలు కూర్చున్నప్పుడు నీ రిపోర్టు నిలబడి చదివాను. పెదనాన్న అరుస్తాడనుకున్నాను. టీ చప్పరిస్తూ తాపీగా చెప్పాడు.

"ఇదేం కొత్త సంగతి? ముప్పయ్యేళ్ళ కింద నా పెద్దోడు పసిగుడ్డుగా పోయినప్పుడు మద్రాసు డాక్టరు ఇదే చెప్పినాడు. బయటపెడితే మన ఇళ్ళకు పిల్లనెవరిస్తారు?"

అంటే అంతా తెలుసు ఆపా. తెలిసే, ఒక్కో తమ్ముణ్ణి పూడ్చి వచ్చిన ప్రతిసారీ పాలదే తప్పని అమ్మ రొమ్ములకు వేపాకు ముద్ద పూయించాడు. ఆయన తాగి దించిన గ్లాసు ముట్టుకోలేకపోయాను.

ఎన్నడూ ఆయన ఎదుట నోరెత్తని అమ్మ గోడవారనుంచి లేచింది.

"నా బిడ్డలు పోతారని మీకు ముందే తెలుసునా, బావగారూ?"

ఆయన నిఖా తేదీ మాట ఎత్తాడు. ఫర్దీన్ పరీక్షకు రానన్నాడు. నేను నిఖా వద్దన్నాను. అయితే దీవిలో మాకు చోటు లేదన్నాడు పెదనాన్న. అమ్మ నా చెయ్యి పట్టుకుని రేవుకు నడిచింది.

పడవ కదలబోతుంటే చివరింటి వజీరాబీ ఆరురోజుల కొడుకుతో పరుగెత్తుకొచ్చింది. "అమీనాక్కా, వీడి దగ్గరా ఆ వాసనే," అంటూ బిడ్డను అందించబోయింది. అమ్మ ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. తర్వాత రెండు చేతులా అందుకుంది.

పదిరోజులుగా అందరం ఇక్కడి ఆసుపత్రిలో ఉన్నాం. బాబు కళ్ళు తెరిచాడు. సీసాతో ఆ పాలపొడి పాలు అమ్మే తాగిస్తోంది. నర్సు అడిగినా బాబును ఒళ్ళోంచి దించడం లేదు.

నీ తహ్మీనా