నీ పుట్టింటి వేపచెట్టు

సుంకమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తల్లిదండ్రులు లేని నువ్వు కళ్లంలోని వేపచెట్టునే పుట్టిల్లు అనుకున్నావు. మన పాపకు అదే అవ్వ అని చెప్పావు. ప్రతి ఉగాదికీ దాని మొదలు దగ్గర చీర పెట్టి, పుట్టింటివాళ్లు పెట్టారంటూ కట్టుకునేదానివి. నిన్ను సాగనంపినప్పుడు కప్పిన చీర కూడా అక్కడ పెట్టి తెచ్చిందే.

ఈ ఏడు కూడా వానల్లేవు. పత్తికొండ చుట్టుపక్కల గడ్డిపరక దొరకడం లేదు. ఎద్దులు లేవలేకపోతుంటే, ఈ ఉదయం చెట్టుకు పసుపు పూసి, మన్నించమని మొక్కి, కొమ్మలన్నీ నరికాను. ఒక ఎద్దు మేసింది. రెండోది నోరు తెరవలేదు.

సాయంత్రం పాప ఆ మోడును కావలించుకుని నిలబడింది.

"ఇంటికి రామ్మా, ఈడ నీడ గూడా ల్యాదు" అన్నాను.

"నీడ ల్యాకుంటే అవ్వ కాకుండా పోతాదా నాయనా?" అంది.