ఐదో మెట్టు మీద జాక్సన్

సెప్టెంబర్ 14, ఆదివారం. అబూ హలీఫా.

ఇవాళ్టికి సరిగ్గా నెల. పోయిన నెల ఇదే తేదీన పక్క సందులోని బకాలా కొట్టుకు కరివేపాకు కోసం వెళ్లి, తిరిగొస్తూ మా బిల్డింగు గేటు ముందు పడిపోయాను. ఆగస్టులో, మధ్యాహ్నం ఒంటిగంటకి, కువైట్ ఎండలో. ఇలాంటి పని చేసేదాన్ని రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ అనరు, మొండిఘటం అంటారు. మా అమ్మాయి ఆ మాట హాస్పిటల్లోనే అనేసింది.

కళ్లు తెరిచేసరికి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఎవరిదో మంచం. నా పాదాలు ఆ ఇంటి వెంకటేశ్వరి ఒళ్లో ఉన్నాయి. తడిగుడ్డతో తుడుస్తూ, మామా, మామా, కండ్లు తెరువు మామా అంటోంది. తొమ్మిదేళ్లు ఇక్కడివాళ్ల ఇంట్లో, యజమానురాలిని మామా అంటూ పనిచేసిన మనిషి. కంగారులో ఎవరైనా ఆమెకు మామాయే. తెలివొచ్చాక పెద్దమ్మనయ్యాను. ఉప్పు కలిపిన మజ్జిగ చెంచాతో పోసింది. అంబులెన్స్ వచ్చేదాకా నా పాదాలు వదల్లేదు.

ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేమని డాక్టర్ అన్నాడట. అంటే ఈ నెల నాకు బోనస్. దేవుడికి థాంక్స్. వెంకటేశ్వరికి ఇంకాస్త ఎక్కువ థాంక్స్, ఎందుకంటే దేవుడు మజ్జిగ పోయలేదు.

అల్లుడు సూర్యకిరణ్ చేత ఆమెకో చీర పంపించాను. ఆకుపచ్చ గద్వాల.

సెప్టెంబర్ 16, మంగళవారం.

మనవరాలు దేవికకు స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. అమెరికన్ సిలబస్. ఆండ్రూ జాక్సన్ నిజంగా ప్రజల ప్రెసిడెంటేనా? ఏ రూపంలోనైనా సమర్పించవచ్చట.

ముప్పై రెండేళ్లు కాకినాడలో అమెరికా చరిత్ర పేపర్ చెప్పాను. పిల్ల నోరు తెరిచి అడిగిందో లేదో, గంటన్నర వదల్లేదు. ప్రమాణ స్వీకారం రోజున జనం బురద బూట్లతో వైట్‌హౌస్ సోఫాలెక్కి తొక్కడం, వాళ్లను బయటికి రప్పించడానికి మందు కలిపిన పంచ్ తొట్టెలు పచ్చిక మీదికి చేర్చడం, డబ్బున్నవాళ్ల బ్యాంకని నేషనల్ బ్యాంకును పడగొట్టడం, మీ చట్టం మాకు చెల్లదన్న సౌత్ కరోలినా రాష్ట్రాన్ని సైన్యం పేరు చెప్పి బెదిరించడం. దేవిక ఆవులించలేదు. కాలేజీలో కూడా నాకింత మంచి స్టూడెంట్ దొరకలేదు.

సెప్టెంబర్ 18, గురువారం.

దేవిక ఐడియా: ఈ దసరా బొమ్మల కొలువులో ఒక మెట్టు జాక్సన్‌కి. పిల్ల అచ్చంగా నా మనవరాలే.

సెప్టెంబర్ 21, ఆదివారం.

రేపు కొలువు పెడతాం. శుక్రవారం పేరంటం. పిలవాల్సిన ఇళ్ల లిస్టు రాసే పని నాది, దస్తూరి బాగుంటుందని. బొట్టు పెట్టి పిలవడానికి వెళ్లేది మాత్రం అమ్మాయి. మావారు పోయి పదకొండేళ్లు. అప్పటి నుంచి ఏ పేరంటంలోనైనా నా సీటు వంటింట్లో, శనగల గిన్నె పక్కన. ఈ రూలు ఎవరు పెట్టారని నేనెవరినీ అడగలేదు.

రాస్తుండగా థర్డ్ ఫ్లోర్ సుధారాణి వచ్చింది. కడప మనిషి. భర్త నాగేంద్రప్రసాద్ అహ్మది ఆఫీసులో మా సూర్యకిరణ్‌కి పై ఆఫీసర్. వచ్చే నెల మావాడి కాంట్రాక్టు రెన్యూవల్ మీద సంతకం ఆయనదే. సుధారాణి లిస్టు మీదుగా ఓ చూపు చూసి, మీరు పెద్దోళ్లు, చెప్పేదాన్ని గాదు గానీ, కింద ఉండే ఆయమ్మను పిలిస్తే మాకు వచ్చేదానికి కష్టమమ్మా అంది. మా పక్క మనిషే, మాకు ఎరుకే, మొదటి మొగుడు పోయి ఏడాది గాకముందే ఆ బస్ డ్రైవర్ రామాంజుల్ని కట్టుకొనె, పసుపు కుంకుమల కాడ కూర్చోబెట్టే మనిషేనా అంది.

టీ ఇచ్చి పంపాను. లిస్టు పూర్తి చేశాను. ఇరవై మూడు ఇళ్లు. గ్రౌండ్ ఫ్లోర్ రాయలేదు. సుధారాణి చెప్పిందని కాదు. పాపం, నర్సరీలో ఆయా పని, వచ్చిందంటే అలసట, మళ్లీ ఆ జాకెట్లు కుట్టడం, ఆమెను ఇబ్బంది పెట్టడం ఎందుకని. అంత చరిత్ర చదివినదానికి సాకులు దొరకవా?

సెప్టెంబర్ 22, సోమవారం.

ఐదు మెట్లు. పై నాలుగింటి మీద ఎప్పటివాళ్లే. ఐదో మెట్టు మీద జాక్సన్ గారు. ఎవరి మాటకీ తలూపని మనిషికి తంజావూరు తలాడించే బొమ్మ పెట్టింది దేవిక. వద్దన్నాను, వినలేదు. బ్యాంకుకి దాని కిడ్డీ బ్యాంకే, బోర్లా పడేసి. ఆయన పదవి చివరి రోజుల్లో వైట్‌హౌస్‌లో జనమంతా కలిసి తినేసిన రాక్షసి చీజ్‌కి జమియా సూపర్ మార్కెట్లో కొన్న నీలం చీజ్ డబ్బా. సోఫాలెక్కిన జనానికి మా కొండపల్లి పల్లెటూరి సెట్టు. చక్కగా అమిరారు.

ఆయన చట్టం చేసి ఇళ్లూ పొలాలూ వదిలించి పడమటికి తరిమిన చెరోకీ ఆదివాసులకూ మిగతా తెగలవాళ్లకూ బొమ్మలు సరిపోలేదు. దేవిక ఖర్జూరపు గింజలు కడిగి ఆరబెట్టి, ఒకదాని వెనక ఒకటి మెట్టు మీద నుంచి తివాచీ మీదికి, అక్కడి నుంచి వీధి గుమ్మం దాకా పేర్చింది. చాలాసేపు చూశాను. ముప్పై రెండేళ్లలో నేను ఆ చాప్టర్ ఇంత బాగా చెప్పలేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం.

ఇవాళ దేవికకు నా ఫేవరెట్ కథ చెప్పాను. జాక్సన్ యుద్ధశాఖ మంత్రి ఈటన్. ఆయన భార్య మార్గరెట్ పూటకూళ్ల ఇంటివాళ్ల పిల్ల. మొదటి భర్త సముద్రం మీద పోయాడు, ఏడాది తిరక్కుండా ఈటన్‌ని చేసుకుంది. అంతే. వైస్ ప్రెసిడెంట్ భార్య మొదలుకొని మంత్రుల భార్యలంతా వెలేశారు. అప్పట్లో వాషింగ్టన్‌లో ఒకావిడ నీ ఇంటికి వచ్చిందంటే నువ్వు మళ్లీ ఆమె ఇంటికి వెళ్లాలి. మార్గరెట్ ఇంటికి వాళ్లు వెళ్లలేదు. జాక్సన్‌కి కడుపు మండింది, ఆయన భార్య కూడా రెండో పెళ్లి నిందలు మోసే పోయింది కనక. కేబినెట్‌ని కూర్చోబెట్టి మార్గరెట్ మంచిదని వాదించాడు. రెండేళ్లలో కేబినెట్టే కూలిపోయింది.

ఆ మంత్రుల భార్యలు ముక్కులు ఎగరేయడం నేను యాక్షన్ చేసి చూపిస్తే దేవిక పడీ పడీ నవ్వింది. ఒక మార్గరెట్ కోసం ప్రభుత్వాన్నే ఆపినవాడు, గుమ్మం దాటించిన అన్ని వేలమంది కోసం ఒక్క పూట ఆగలేదెందుకని అడిగింది. ఆయన లెక్కలో వాళ్లు ప్రజలు కాదు కనక అన్నాను. ఆ జవాబుకి నాకు నేనే మార్కులు వేసుకున్నాను.

సెప్టెంబర్ 24, బుధవారం. రాత్రి 10.

మార్కులు వెనక్కి తీసుకుంటున్నాను.

అమ్మాయి పిలుపులకు వెళ్లింది, కుంకుమ భరిణ పళ్లెం పట్టుకుని దేవిక కూడా. తిరిగొచ్చాక దేవిక నా దగ్గర కూర్చుంది. లిఫ్టు ఎవరో నొక్కితే గ్రౌండ్‌కి దిగిందట. తలుపు తెరుచుకుంటే ఎదురుగా వెంకటేశ్వరి. పళ్లెం చూసి నవ్విందట. అమ్మ కూడా నవ్వి, తర్వాత రండి అని బటన్ నొక్కిందట. తలుపు మూసుకుందట. అమ్మమ్మా, ఆంటీ లిస్టులో లేదా అని అడిగింది. లేదన్నాను. ఎవరు రాశారు? నేనే. పిల్ల నిన్న నేను ఎగరేసి చూపించిన ముక్కు కేసి చూసింది.

డైనింగ్ టేబుల్ దగ్గర చెప్పేశాను, రేపు ఆమెను పిలుస్తున్నానని. అమ్మాయి కంచం తోసేసింది. అమ్మా, నీకేం, రెండు నెలల్లో వెళ్లిపోతావు, ఈ మనుషుల మధ్య బతకాల్సింది మేము అంది. అబద్ధం కాదు. సూర్యకిరణ్ పెరుగు కలుపుకుంటూ, అత్తయ్యగారూ, నా కాంట్రాక్టు పేరంటాలను బట్టి నిలబడేదైతే అది ఊడినా పర్లేదండి, మీరు పిలవండి అన్నాడు.

ఈ సంబంధం మావారు తెచ్చారు. నేను వద్దన్నాను. ఈ విషయంలో ఓటమిని రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.

సెప్టెంబర్ 25, గురువారం.

ఉదయం లేచేసరికి భరిణ కడిగి, కొత్త కుంకుమ నింపి, నా మంచం పక్క స్టూలు మీద పెట్టి ఉంది. అమ్మాయి అప్పటికే ఆఫీసుకి వెళ్లిపోయింది. కన్నందుకు ఇలాంటి ఉదయాలు కొన్ని దొరుకుతాయి.

అయిదింటికి కిందికి వెళ్లాను. వెంకటేశ్వరి తలుపు తీసి, ఏంది పెద్దమ్మా, మీరే దిగొచ్చినారు, ఫోన్ చేసింటే నేనే వస్తా గదా, మళ్లా కండ్లు తిరిగితే ఎట్ల అంది. ఈసారి నీ గుమ్మంలోనే పడతాను, మోసే దూరం తగ్గుతుందన్నాను. నవ్వింది. భరిణ తీశాను. నవ్వు ఆగిపోయింది.

మీరు పెట్టచ్చునా పెద్దమ్మా అని అడిగింది, మెల్లగా. తెలియదు, పెట్టి చూద్దామన్నాను. వేలు వణికి బొట్టు కనుబొమ మీదికి జారింది. పదకొండేళ్లయింది మరి, ప్రాక్టీసు పోయింది.

లిస్టు రాసింది నేనే, నీ పేరు రాయనిదీ నేనేనని చెప్పాను. చీర పంపి ఊరుకున్నాను, నా ప్రాణం నిలిపినదాని గుమ్మంలోకి మాత్రం రాలేదని చెప్పాను. నిన్ననే తెలిసె పెద్దమ్మా అంది. జాకెట్టు ఇచ్చేదానికి పైకి వస్తా ఉంటి, పళ్లెం చూసినా, ఇంగో లిఫ్టులో పోదాంలే అని నిలబడితి అంది. ఎవరి జాకెట్టు అని అడిగాను. సుధారాణమ్మదే అంది.

పిలిచినారు, అదే చాలు, నేనొస్తే మీ అల్లునికి కష్టమైతాదని మా ఇంటాయన అన్నాడు, రానులే పెద్దమ్మా అంది.

పైకి వచ్చేశాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం.

ఇది వరసగా రాయాలి.

పదిహేను మంది వచ్చారు. సుధారాణి అందరికంటే ముందొచ్చి, గుమ్మం కనిపించేలా కూర్చుంది. నేను వంటింట్లో, శనగల గిన్నె పక్కన. ఆరున్నరకి బెల్ మోగింది. తొంగి చూశాను. ఆకుపచ్చ గద్వాల.

అమ్మాయి ఎదురెళ్లింది. రండి వెంకటేశ్వరి గారూ, కూర్చోండి అంది, అందరికీ వినబడేట్టు. నా కూతురు. వెంకటేశ్వరి కూర్చోలేదు. పెద్దమ్మ యాడ అని అడిగింది. గింజల వరస తొక్కకుండా పక్కగా నడిచి తిన్నగా వంటింట్లోకి వచ్చింది.

ఏం పెద్దమ్మా, నన్ను పిలిచి మీరు ఈడ కూర్చుంటిరే అంది. నేనిక్కడే కూర్చుంటాను, అలవాటన్నాను. రాకూడదనే అనుకుంటి, మీ వేలు వణికింది గుర్తొచ్చి వచ్చినా, పిలిచినోళ్లు లేని పేరంటానికి నేనెందుకు పోవల్ల అంది. అని అక్కడే, శనగల గిన్నెకు అటు పక్కన చతికిలబడింది.

ముప్పై రెండేళ్లలో ఎన్నో ప్రశ్నలు విన్నాను. క్లాసులో జవాబు లేకపోతే బెల్ కొట్టేదాకా నెట్టుకొచ్చేదాన్ని. ఇక్కడ బెల్ లేదు. లేచాను. ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరం హాల్లోకి వచ్చి ఐదో మెట్టు ముందు కూర్చున్నాం. వెంకటేశ్వరి నా మెడకు గంధం రాసి, నుదుట కుంకుమ పెట్టింది. గంధం ఎంత చల్లగా ఉంటుందో మరిచిపోయాను.

సుధారాణికి స్టవ్ మీద పాలు గుర్తొచ్చాయి. ఇంకో ఇద్దరికి కూడా. మిగతావాళ్లకు ఏం గుర్తు రాలేదు. పులిహోర ఇంకా వడ్డించలేదు కనక అని మొదట అనుకున్నాను. అంతలో సెకండ్ ఫ్లోర్ అమలాపురం కోడలు, మా అత్తగారిని కూడా తీసుకురానాండి, పాపం ఒక్కరే కూర్చున్నారు అంది. నాలుగు నిమిషాల్లో సూరాయమ్మ గారు నైటీ మీద కండువాతో దిగబడ్డారు. నాకంటే అయిదేళ్లు పెద్ద, నాకంటే రెండేళ్లు ముందు నుంచీ వంటింటి మనిషి. నాకు కూడా పెట్టవే అని వెంకటేశ్వరి ముందుకి మెడ చాపారు. తొందరపడి పులిహోర మాట అనుకున్నందుకు వాళ్లందరికీ ఇక్కడ సారీ చెబుతున్నాను.

వెంకటేశ్వరి గింజలు చూసి, ఇవేంది పాపా అంది. దేవిక చెప్పింది. పిల్లోల్లతో కూడానా అంది. అవును ఆంటీ, చాలామంది దారిలోనే పోయారంది. వెంకటేశ్వరి వరసలో పక్కకి దొర్లిన గింజనొకదాన్ని మళ్లీ నిలబెట్టింది.

సెప్టెంబర్ 27, శనివారం.

అమ్మాయి, నేను, మిగిలిన పులిహోర. పొద్దున్నే ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం.

సెప్టెంబర్ 28, ఆదివారం.

దేవిక కొలువు వీడియో స్కూల్లో చూపించింది. A మైనస్ గ్రేడు. తల ఊపే బొమ్మ చారిత్రకంగా సరికాదని మైనస్ అట. ముందే చెప్పాను. ఆఖర్న దాని వాక్యం: ప్రజల ప్రెసిడెంటే, ప్రజలంటే ఎవరో నిర్ణయించే పని ఆయనకే వదిలేస్తే. నేను రాసిచ్చింది కాదు. అయి ఉంటే బాగుండేది.

సూర్యకిరణ్ కాంట్రాక్టు మీద ఇంకా సంతకం కాలేదు. అతను మాత్రం రెండోసారి పెరుగు వేసుకున్నాడు.

సెప్టెంబర్ 30, మంగళవారం. సాయంత్రం 5.

బెల్ మోగితే నేనే తీశాను. సుధారాణి. చేతిలో పళ్లెం, భరిణ. రేపు నవమి, మా ఇంట్లో పేరంటం, రావల్ల అంది. అమ్మాయి కోసం వెనక్కి తిరిగాను. మీకేనమ్మా అంది. నా మొహం చూడకుండా బొట్టు పెట్టింది. కిందికి కూడా వెళ్లావా అని అడిగాను. లిఫ్టు ఎక్కింది.

గుమ్మంలో నిలబడి అంకెలు చూశాను. 4. 3. ఆగుతుందనుకున్నాను, ఆమె ఇల్లు అదే కదా. ఆగలేదు. 2. 1. G.

బిల్డింగు బయటికి వెళ్లాలన్నా G లోనే దిగాలి. తెలుసు. కానీ భరిణ పట్టుకుని ఎవరూ బకాలాకు వెళ్లరు.