బోర్లా పెట్టిన హారం

మెట్టుగూడ, జనవరి 1949

నేను గుచ్చిన పూసల హారానికి ఫోటో తీసి, కింద మీ భార్య శారదమ్మ చేతిపని అని రాసి స్టూడియో అద్దాల బీరువాలో పెట్టారు, సదాశివ గారూ. అడిగితే, "పోలీస్ యాక్షన్ అయినంక తుర్కోళ్ల పేరు చూస్తే ఎవరు కొంటరు బిడ్డా, జెర ఓపిక పట్టు" అన్నారు.

పట్టను. ఆ ఫోటోలో హారం బోర్లా ఉంది, వెనక ముడులన్నీ పైకి కనబడుతున్నాయి. ఒక్క పూస గుచ్చిన మనిషైనా దాన్ని అట్లా పరుస్తుందా? చేసినామెకే ముఖమేదో వీపేదో తెలియలేదని బొల్లారం ఆడవాళ్లు నవ్వుతున్నారు.

హారాన్ని తిప్పి మళ్లీ ఫోటో తీయండి. కింద నా పేరు రాయండి. శుక్రవారం నమాజు లోపల జవాబు రావాలి. రాకపోతే శనివారం పొద్దున మీ దుకాణం మెట్ల మీద కూచుని, అందరూ చూస్తుండగా అదే హారం మళ్లీ గుచ్చుతాను. శారదమ్మ గారిని సుత పక్కన కూచోబెట్టండి.