ఒక్క పూట హాజరీ మాఫీ

శేరిగూడ,
3 జనవరి 1949.

ఇబ్రహీంపట్నం తహశీలు స్పెషల్ తహశీల్దారు వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జనవరి 10వ తేదీ సోమవారం ఉదయపు ఠాణా హాజరీ నుండి ఒక్క పూట మినహాయింపు కోరుట గురించి.

శేరిగూడ కాపురస్తుడు, ఇస్తారి కుమారుడు, వయస్సు ఇరవై, నగరములోని కాలేజీలో బి.ఏ. మొదటి సంవత్సరపు విద్యార్థి (ఈ మాట ఇంకను నిజమో కాదో క్రింద తెలియగలదు) అగు అంజిలయ్య చేసుకొను మనవి యేమనగా:

ఇంతవరకు ఈ కచ్చేరీకి అర్జీలన్నీ ఉర్దూలోనే పోయినవి. తమరు తెలుగు చదువుదురని విని ధైర్యము చేసితిని. నేను తెలుగు వ్రాత నేర్చినది మిషను బడిలో, బైబిలు చూచి. ఈ అర్జీ ఎక్కడైనా ప్రార్థన వలె వినిపించిన యెడల మన్నించవలెను. కొంతవరకు అది ప్రార్థనే.

1. మా కాలేజీలో ఒకసారి చేరిన సరిపోదు. ప్రతి టర్ము మొదట విద్యార్థి స్వయముగా పోయి, ఆ టర్ములో ఏయే పాఠములు చదువునో రిజిస్టరులో వ్రాసి, గుమాస్తా కిటికీ ఎదుట సంతకము చేయవలెను. అందుకు ఇచ్చు గడువు ఒక్క దినము, ఉదయము పది మొదలు పన్నెండు గంటల వరకు. వరుసగా మూడు టర్ములు సంతకము లేనివాని పేరు కొట్టివేయుదురు. కొట్టివేసిన పేరు మరల వ్రాయరు.

2. గడచిన జూన్ టర్ముకు నేను పోలేదు. ఆ దినములలో రజాకార్లు బస్సులు ఆపి చదువుకొను పిల్లలను దింపి కొట్టుచుండిరి. నన్ను వెదకుచు మా వాడకు మూడుసార్లు వచ్చిరి. నేను మా ఇంటి అటుక మీద, జొన్నల బస్తాల వెనుక నాలుగు నెలలు ఉంటిని. మా వాడలో అందరూ ఒక మాట అనుకొనిరి. ఎవరు వచ్చి అడిగినను, అంజిలయ్య ఊరిలో లేడు, ఎటు పోయెనో తెలియదు అని చెప్పవలెను. చిన్నపిల్లలకు కూడ నేర్పిరి. ఆ మాట వలననే నేను బ్రతికి యున్నాను. అందువలన ఆ మాటను నేను నిందించుట లేదు.

3. సెప్టెంబరులో యూనియను సైన్యము వచ్చెను. నేను అటుక దిగితిని. అక్టోబరు 5వ తేదీన ఒక జీపు మా వాడకు వచ్చెను. గడబిడల వలన రాలేకపోయిన విద్యార్థులను క్షమించి చేర్చుకొనుటకై కాలేజీవారు ఒక జాబితా పంపిరట. అంజిలయ్య అనువాడు గడచిన టర్మంతయు ఊరిలోనే చిక్కుకొని యుండెనా అని విచారించి, "ఉండెను" అని ఒక్క ముక్క వ్రాసుకొని పోవుటకే ఆ ఆఫీసరు వచ్చెను. అనగా అయ్యా, నాకు మేలు చేయుటకే వచ్చెను.

జీపు మొదట ఆగినది పొరుగింటి నాగులమ్మ గుమ్మము ముందు. ఆమెకు డెబ్బది యేండ్లు. ఖాకీ బట్టలు చూడగానే ఆమె చెప్పినది ఇది: "ఇస్తారి కొడుకా? ఆడు ఊర్లె లేడు సారు. వానలు వడకముందు పోయిండు. ఎటువోయిండో, ఉన్నడో సచ్చిండో, మాకేమెర్క?"

మా తల్లి సంతోషమ్మ ఇంటి వెనుక నా పళ్ళెములో జొన్న గట్క పోయుచుండెను. చేతిలో గరిటె అట్లే పట్టుకొని ముందుకు పోయి, "అవ్ సారు, లేడు, ఆర్నెల్లాయె" అని బలపరచెను.

నేను ఎంగిలి చేతితో పరుగెత్తి వచ్చి, "సారు, నేనే అంజిలయ్యను, ఇక్కడనే ఉన్న" అంటిని. ఆఫీసరు నన్ను చూచెను, మా తల్లిని చూచెను, గరిటెను చూచెను. తరువాత ఆయన వ్రాసుకొన్నది ఇది: "ఆరు మాసములుగా పరారీలో ఉండి, తిండి కొరకు ఇంటికి వచ్చి పట్టుబడెను." జూన్ నుండి కాలేజీ హాజరు పుస్తకములో నేను లేను. ఊరివారి మాటలో ఊరిలోను లేను. ఇక మిగిలినది రాచకొండ గుట్టలే గనుక, కమ్యూనిస్టులతో అక్కడ ఉంటినని తేల్చిరి. లెక్క ప్రకారము అది సరిగానే ఉన్నది. అటుక సంగతి ఏ రిజిస్టరులోను లేదు.

నాగులమ్మ ఆ సాయంత్రము మా గుమ్మములో కూర్చుండి ఏడ్చెను. "బట్టలు జూడంగనే నోట్లెకెళ్లి అదే ఒచ్చింది బిడ్డా. గీళ్ళు మంచోళ్ళని నాకెవలు జెప్పిండ్రు?" అనెను.

4. నాటి నుండి ప్రతిదినము ఉదయము పది గంటలకు, సాయంత్రము ఐదు గంటలకు ఇబ్రహీంపట్నం ఠాణాలో హాజరీ ఇవ్వవలెనని, ఐదు మైళ్ళు దాటి పోరాదని ఉత్తర్వు. అక్టోబరు టర్ము సంతకము ఆ విధముగా పోయెను. అది రెండవది. మూడవదగు ఈ టర్ము సంతకము జనవరి 10వ తేదీననే.

5. ఉత్తర్వు రద్దు కొరకు ఠాణా జమాదారు రాంచంద్ర గారిని అడిగితిని. ఆయన చెడ్డవాడు కాదు. "సదువుకునేటోనివైతే కాలేజీ బుక్కుల పేరేది? గీ టర్ముల పేరెక్కినట్టు కాయితం తే, నేను నీ హాజరీ కొట్టేస్త. రోజు రెండుమాట్ల నీ మొఖం జూసుడు నాకు మాత్రం శౌకా?" అనెను.

కాలేజీ గుమాస్తాను అడుగగా ఆయన, "ఠాణాల హాజరిచ్చేటోని పేరు మా బుక్కుల ఎట్ల రాస్త? ముందుగాల నీ మీద ఏం లేదని ఠాణా కెళ్లి సఫాయి కాయితం తే. లేకుంటె నీ తహశీల్దారు చిట్టీ అన్న తే" అనెను.

ఇద్దరూ నియమము ప్రకారమే మాట్లాడిరి. ఇద్దరిలో ఒక్కరైనను చెడ్డవారై యుండిన, నాకు కోపపడుటకు ఒక మనిషి దొరికియుండును.

6. నేను గుమాస్తాను ఎట్లు అడుగగలిగితినని తమరు అడుగవచ్చును. ఈ అంశము వ్రాయవద్దని మా నాయన చెప్పెను. అయినను వ్రాయుచున్నాను, ఇప్పటికే నా గురించి చాలినన్ని అబద్ధములు కాగితములలో ఉన్నవి గనుక. గత డిసెంబరు 18వ తేదీన ఉదయపు హాజరీ ముగియగానే, ఉదయపు బస్సు అంతకు ముందే పోవును గనుక, మిషను బడి పంతులు గారి సైకిలుపై నగరమునకు పోతిని. హాజరీ ఇచ్చి పన్నెండు లోపల చేరుట సాధ్యమగునా అని పరీక్షించుటకే పోతిని. ఎక్కడను దిగలేదు, నీళ్ళు త్రాగలేదు. చేరునప్పటికి పన్నెండు దాటి ఇరవై నిమిషములు. సాయంత్రపు హాజరీకి తిరిగి చేరితిని. ఉత్తర్వు మీరినందుకు తమరు విధించు శిక్ష పదవ తేదీ తరువాత విధించవలెనని కోరుచున్నాను.

7. పేరు పోయిన ఏమగును అని తమరు అనుకొనవచ్చును. మా వాడలో మెట్రిక్ దాటినవాడను నేనొక్కడనే. సెప్టెంబరులో పట్నము పారిపోయిన మా పటేలు మొన్న తిరిగి వచ్చెను. నన్ను దారిలో ఆపి, "ఏం ర అంజిగ, సదువు అయిపాయెనట గద? మా కాడ నాగలి వట్టెటోడు లేడు. పదో తారీకు దాటినంక రా" అనెను. మా నాయన ఆయన పొలములో ముప్పది యేండ్లు కూలి లేకుండ వెట్టి చేసెను. నా గడువు తేదీ పటేలునకు నాకంటె బాగుగా తెలిసియున్నది. కాలేజీలో పేరు ఉన్నన్నాళ్ళు ఆయన నన్ను పిలువలేకపోయెను.

ఇక మీదట పాఠములు ఉర్దూలో గాక ఇంగ్లీషులో చెప్పుదురని వినికిడి. నేను చదివిన చరిత్ర, అర్థశాస్త్రము అంతయు ఉర్దూలోనే ఉన్నది. అది మరల మొదటి నుండి నేర్చుకొందును. దానికి నేను భయపడుట లేదు. అయ్యా, నాకు భయము ఆ కిటికీ మూయుదురని. రోజూ నడిరోడ్డు మీద నడచుచునే ఉన్నాను, అయినను ఆ అటుక మీదనే ఉన్నట్లున్నది. అక్కడ కనీసము ఎప్పుడు దిగవలెనో మా తల్లి చెప్పెడిది.

కావున తమరు దయచేసి పదవ తేదీ ఉదయపు హాజరీ ఒక్కటి మాఫు చేసి, గుమాస్తాకు చూపుటకు రెండు వరుసల చిట్టీ ఇప్పించవలెను. సాయంత్రము ఐదు గంటలకు ఎట్లయినను ఠాణా మెట్ల మీద ఉందును. ఈ మనవిని తమ చిత్తమునకు తెచ్చుకొని, తేదీ దాటకముందే సెలవు దయచేయుదురని నమ్మియున్నాను.

ఇట్లు,
రోజుకు రెండు పూటలు తమ ఠాణాలో నిలుచుండు
విధేయుడు,
అంజిలయ్య

మరొక్క మాట: ఈ అర్జీ అంతయు చదివి వినిపించగా మా నాయన, "బతిమిలాడుడు ఇంకా సాలలేదు" అనెను. కావున ఇది కూడ వ్రాయుచున్నాను. నన్ను ఒంటరిగా పంపుటకు తమకు నమ్మకము చాలని యెడల, ఒక జవానును ఇచ్చి పంపండి. బేడీలు వేసి బస్సులో తీసుకొని పోయినను సరే, కాలేజీ అంతయు చూచినను సరే, నాకు సిగ్గు లేదు. కుడి చేయి మాత్రము విడిచిపెట్టుమని చెప్పండి. సంతకము చేయవలెను.