బలహీనపడిన వాయుగుండం

అక్టోబరు 19, 1982. పుంగనూరు

మద్రాసుకు తూర్పున ఉన్న వాయుగుండం బలహీనపడి అల్పపీడనంగా మారిందని పొద్దుటి వార్తల్లో చెప్పారు. మనకు ఒక్క రోజు వాన విదిల్చింది, అంతే.

రేడియోకు సెల్స్ కొనడానికి వెళితే అంగడి ఫక్రుద్దీన్ నవ్వాడు. ఏం సార్, మీ తుఫాను సచ్చిపోయినాదంట గదా, దినం ఎప్పుడు చేస్తాండారు అని. ముప్పై ఏళ్ళు ఈ ఊరి పిల్లలకు జాగ్రఫీ చెప్పాను. వీడు నా క్లాసులో రెండుసార్లు ఫెయిలయ్యాడు.

అక్టోబరు 20, మధ్యాహ్నం

మద్రాసు ఇంగ్లీషు పేపరు మూడింటి బస్సులో వచ్చింది. లోపలి పేజీలో నాలుగు లైన్లు. అల్పపీడనం ఇంకా సముద్రం మీదే ఉంది, కదలడం లేదు, తిరిగి బలపడే అవకాశం ఉంది. ఈ సంగతి ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పను.

అక్టోబరు 20, సాయంత్రం

యశోదమ్మ వచ్చింది. నా తమ్ముడు గంగులయ్య భార్య. ఎనిమిదేళ్ళ తర్వాత నా గడప తొక్కింది.

చౌడేపల్లె దగ్గర వాళ్ళ నాలుగెకరాల్లో వేరుశనగ పండింది. మూడేళ్ళ కరువు తర్వాత మొదటి పంట. మొన్నటి వానకు నేల మెత్తబడింది, ఇప్పుడు పీకితే కాయ మట్టిలో తెగిపోకుండా వస్తుంది. కుప్పం నుంచి కూలీలు దిగారు, రెండు రోజులకు మించి ఆగరు. పీకేసినాక వాన పడితే కాయంతా మొలకెత్తిపోతాది గదా బావా, మీరు పేపరు సదువుతారు, పీకేదా ఆపేదా చెప్పండి అంది.

ఎనిమిదేళ్ళ కిందట గంగులయ్య కూడా ఇలాగే వచ్చాడు. విత్తేదా, ఆగేదా అని. పేపర్లో వాన లేదని ఉంది. విత్తమన్నాను. పంపకాల్లో మా నాయన రోడ్డు పక్క భూమి వాడికిచ్చాడు, అందుకు. విత్తనం మాడిపోయింది. వాడు ఎద్దుల్ని అమ్ముకున్నాడు. ఆ కబురు విన్న రోజు నాకు హాయిగా నిద్ర పట్టింది. ఇంతవరకు ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఈసారి నిజం చెప్పాను. పీకొద్దు, నాలుగు రోజులు భూమిలోనే ఉండనీ, అది మళ్ళీ లేస్తుంది అని. జాలితో కాదు. నాకు తెలుసునని ఒక్కరికైనా తెలియాలి.

అక్టోబరు 21

పీకుతున్నారు.

కబురు వినగానే బస్సెక్కి వెళ్ళాను. అప్పటికే సగం చేను పీకి, కాయలు పైకి వచ్చేట్టు తిరగేసి ఆరబెట్టారు. నన్ను చూడగానే గంగులయ్య కూలీలతో, మాయన్న పీకొద్దన్నాడంటే వాన రాదనే అర్థం, బిరబిరా కానీండప్పా అని అరిచాడు. అందరూ నవ్వారు. యశోదమ్మ తలెత్తలేదు.

పేపరు తీసి ఆ నాలుగు లైన్లు తెలుగులో చదివాను. నువ్వు ఏమైనా సదువుతావులే, వానొచ్చేది ఉంటే పీకమనేవాడివి అన్నాడు.

పేపరు మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. ఇంట్లో రెండు అలమారాల పుస్తకాలున్నాయి, తమ్ముణ్ణి నమ్మించడం ఎలాగో ఒక్కదాంట్లోనూ లేదు.

అక్టోబరు 23

అల్పపీడనం తిరిగి వాయుగుండమైందని రేడియో చెప్పింది. ఆ మాట కంటే గంట ముందే ఇక్కడ వాన మొదలైంది.

అక్టోబరు 24

వాన.

అక్టోబరు 25

వాన. మద్రాసు బస్సులు ఆగిపోయాయి, పేపరు లేదు. నేను చెప్పిందే జరిగింది. ముమ్మాటికీ నేనే కరెక్టు. ఆ మాట వినడానికి ఇంట్లో మనిషి లేడు.

అక్టోబరు 28

ఫక్రుద్దీన్ ఈరోజు నవ్వలేదు. చౌడేపల్లె నుంచి వస్తున్నాడు. చెట్టంతా నల్లబడి కుళ్ళిందట, కాయల్లో వేలెడు మొలకలట. పశువులు కూడా మూతి పెట్టడం లేదట.

గంగులయ్య ఊరంతా ఒకే మాట చెబుతున్నాడట. నేనే మబ్బు సూసి ఆపుకొనుందును, మాయన్న గమ్మునుండింటే సాలునప్పా, ఆయన వద్దన్నాడనే పీకితిని అని.

నిజమే అయి ఉంటుంది.

నవంబరు 2

యశోదమ్మ గిన్నెడు ఉడకబెట్టిన వేరుశనగ గడప బయట పెట్టి, పలకరించకుండా వెళ్ళిపోయింది. అన్నీ మొలకెత్తినవే. చేదు. ఒక్కటీ వదలకుండా తిన్నాను.